రాసినవాళ్ల పేరు

పట్నంలో రెండేళ్లు బైబిలు కాలేజీలో చదివి ఎర్రమిట్టకు తిరిగొచ్చాక సీలాసుకు ఒక ఇబ్బంది వచ్చిపడింది. నేర్చుకున్నదంతా లోపల పెట్టుకుని తిరగాల్సి వస్తోంది. చెబితే వినే మనిషి లేడు.

అతని దగ్గర ఒక పొడవాటి నోటుబుక్కు ఉండేది. బైబిల్లో ఏ పుస్తకం ఎవరు రాశారని అనుకుంటున్నాం, నిజానికి ఎవరు రాసి ఉండొచ్చు, ఏ వచనాలు పాత రాతప్రతుల్లో ఉన్నాయి, ఏవి తర్వాత వచ్చి చేరాయి, అన్నీ అందులో రాసుకున్నాడు. కాలేజీలో వీటి మీద రోజూ వాదనలు జరిగేవి. సీలాసు ఒక్కసారి కూడా ఓడిపోలేదు.

ఎర్రమిట్టలో ఎవరూ వాదించరు. అది పొగాకు పండే మెట్ట ఊరు. ఆకు కోసే రోజుల్లో ఆదివారం గుడికొచ్చినవాళ్ల చేతులు ఆకు జిగటతో నల్లగా ఉంటాయి. పాట పాడతారు, వాక్యం వింటారు, వెళ్లిపోతారు.

గుడి పాస్టరు జక్కరయ్యకు డెబ్బై దాటాయి. ఊరంతా అయ్యగారు అంటుంది. పదహారేళ్లప్పుడు సీలాసు ఆయన దగ్గర చేరాడు. వాక్యం చదవడం, పాట ఎత్తుకోవడం, చావు జరిగిన ఇంటికి వెళితే ఎంతసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చోవాలి, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. కాలేజీకి ఉత్తరం రాసి పంపించిందీ ఆయనే. ఇప్పుడు సీలాసు ఆయనకు సహాయకుడు.

ఒక మధ్యాహ్నం జక్కరయ్య గుడి వసారాలో కూర్చుని ఊడిపోయిన పాటల పుస్తకాలకు అట్టలు అతికిస్తున్నాడు. పక్కన గిన్నెలో మైదాపిండి జిగురు ఉంది. సీలాసు నోటుబుక్కు పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అయ్యగారూ, ఒక మాట. ద్వితీయోపదేశకాండం మోషే రాశాడంటాం. చివరి అధ్యాయంలో మోషే చనిపోతాడు. పాతిపెడతారు. జనం నెల రోజులు ఏడుస్తారు. తన చావు తనే ఎట్లా రాసుకున్నాడు?"

"రాసుకోలేడు" అన్నాడు జక్కరయ్య, అట్ట మీద జిగురు పూస్తూ.

సీలాసు ఈ జవాబు అనుకోలేదు. ప్రవచనంగా ముందే రాశాడంటే ఏం చెప్పాలో, యెహోషువ రాశాడంటే ఏం చెప్పాలో సిద్ధం చేసుకుని వచ్చాడు.

"మరి ఎవరు రాసినట్టు?"

"తర్వాత బతికున్నవాళ్లు ఎవరో. ఆ రాయి ఇటు అందించు, అట్ట లేస్తోంది."

సీలాసు రాయి అందించాడు. "హెబ్రీయులకు రాసిన పత్రిక పౌలు రాసింది కాదంటున్నారు."

"కాకపోవచ్చు."

"యెషయా గ్రంథం ఒక్కరు రాసింది కాదట."

"అట్లాగే అంటారు."

"మీకు ఇవన్నీ ముందే తెలుసా?"

"కొన్ని తెలుసు. నేను చదువుకున్నప్పుడు కూడా కాలేజీలు ఉన్నాయి."

సీలాసుకు కోపం వచ్చింది. తను రెండేళ్లు మోసుకొచ్చిన మూటను ఈయన తిండి పొట్లం విప్పినట్టు విప్పి పక్కన పెట్టేశాడు. "తెలిసి మరి ఎట్లా ఊరుకున్నారు? రేపు ఎవరైనా వచ్చి, ఎవరు రాశారో తెలియని పుస్తకాన్ని ఎట్లా నమ్ముతారని అడిగితే ఏం చెప్తాం?"

"ఎవరైనా అడిగారా?"

"ఇంకా లేదు."

"అడిగినప్పుడు, అడిగే మనిషిని కాస్త చూసుకుని చెప్పు" అని జక్కరయ్య ఇంకో పుస్తకం తీసుకున్నాడు.

ఇది జవాబు కాదు, తప్పించుకోవడం అనుకున్నాడు సీలాసు.

ఆ వారంలోనే అడిగే మనిషి దొరికాడు. ఆయన తీతు మాస్టారు. హెడ్మాస్టరుగా రిటైరై గుడిలో పెద్దల్లో ముందువాడయ్యాడు. భార్య పోయింది, ఇంట్లో ఒక్కడే ఉంటాడు. చొక్కా ఇస్త్రీ నలగదు. గుడి గంట ఒక్క నిమిషం ఆలస్యమైనా గడియారం తీసి చూస్తాడు.

మాస్టారు సీలాసును ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, "ఏం నేర్చుకున్నావో చెప్పు" అన్నాడు. సీలాసు నోటుబుక్కు తెరిచాడు. రెండు గంటలు చెప్పాడు. మాస్టారు పిల్లవాడిలా విన్నాడు, మధ్యలో మంచి ప్రశ్నలు వేశాడు. సీలాసుకు ప్రాణం లేచొచ్చింది.

చివర్లో యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయం దగ్గరికి వచ్చారు. పాపంలో పట్టుబడిన ఒక స్త్రీని రాళ్లతో కొట్టాలని తీసుకొస్తే, మీలో పాపం లేనివాడు మొదటి రాయి వెయ్యాలని చెప్పి యేసు ఆమెను విడిపించి పంపేసిన సంగతి అందులో ఉంది. ఊళ్లో ఆ కథ తెలియనివాళ్లు లేరు.

"ఆ పన్నెండు వచనాలు పాత ప్రతుల్లో లేవు మాస్టారూ. కొన్నిట్లో ఇంకో చోట ఉన్నాయి. ఒక ప్రతిలో అయితే లూకా సువార్తలోకి వెళ్లి కూర్చున్నాయి. యోహాను భాషలా కూడా ఉండదు. తర్వాత ఎవరో చేర్చారు."

"ఖాయమేనా?"

"ఖాయం. చదువుకున్నవాళ్లు ఎవరూ కాదనరు."

మాస్టారు తన బైబిలు తెచ్చాడు. ఎర్ర పెన్సిలుతో ఆ వచనాల చుట్టూ ఒక గీత గీశాడు, స్కూల్లో తప్పు లెక్క చుట్టూ గీసినట్టు. సీలాసు ఇంటికి నడుస్తూ ఈ ఊళ్లో ఒక్కడికైనా చదువు విలువ తెలుసుననుకున్నాడు.

నెల తిరిగేసరికి కెజియా సంగతి బయటపడింది.

కెజియాకు ఇరవై ఆరేళ్లు. పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు గ్రేడింగు చేస్తుంది. మొగుడు ఆరేళ్ల కింద పనికని వెళ్లి తిరిగి రాలేదు. ఉత్తరం కూడా లేదు. గుడి వెనక మిషన్ స్థలంలో చిన్న ఇంట్లో మంచం పట్టిన తల్లితో ఉంటుంది. ఆమెకు అయిదో నెల. కడుపుకు కారణమైన మనిషి లారీ డ్రైవరు, ఈ గుడి సంఘంవాడు కాదు, ఇప్పుడు ఎక్కడున్నాడో కూడా తెలియదు.

నిబంధన పాతదే. కట్టుబాటు దాటినవాళ్ల పేరు సంఘం నుంచి తీసేస్తారు. పేరు తీసేస్తే మిషన్ స్థలంలో ఇల్లు ఉండదు. నెల లోపల ఖాళీ చెయ్యాలి.

పెద్దల కూటం ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టారు. పెద్దలు ఆరుగురు రెండు బెంచీల మీద కూర్చున్నారు. బల్ల వెనక జక్కరయ్య, ఆయన పక్కన తీర్మానాల పుస్తకంతో సీలాసు. కూటాల్లో రాసే పని అతనిదే. కెజియా తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వేమన్నా చెప్తావామ్మా?" అని అడిగాడు జక్కరయ్య.

"ఏం చెప్పేది అయ్యగారూ. తప్పు కాదని నేనన్లా. నన్ను పంపిస్తే మాయమ్మని ఎక్కడికి మోసుకుపోను? అంతే నా బాధ."

కూటం వాక్యంతో మొదలుపెట్టడం అలవాటు. జక్కరయ్య బైబిలు తెరిచి, "యోహాను సువార్త, ఎనిమిదో అధ్యాయం" అన్నాడు.

గోడ దగ్గర కెజియా తల ఎత్తింది. ఆమెకు ఆ అధ్యాయం తెలుసు.

"ఆగండి అయ్యగారూ" అన్నాడు తీతు మాస్టారు. "ఆ భాగం వద్దు. అది యోహాను రాసింది కాదు. పాత ప్రతుల్లో లేదు. ఎవరో తర్వాత చేర్చారు. దాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదు. ఇది నా మాట కాదు, మీ సీలాసు మాట. అడగండి."

అందరూ సీలాసు వైపు తిరిగారు.

సీలాసు లేచి నిలబడ్డాడు. కాలేజీలో ఇదే ప్రశ్నకు ఇరవై మంది ముందు తడుముకోకుండా జవాబు చెప్పాడు. ఇప్పుడు కెజియా గోడ దగ్గర నిలబడి ఉంది. కాదని చెప్పొచ్చు. ఇంకా తేలలేదని చెప్పొచ్చు. వీళ్లకెవరికీ ఆ పాత ప్రతుల గ్రీకు రాదు.

"అవునా, కాదా?" అన్నాడు మాస్టారు.

"అవును" అన్నాడు సీలాసు.

కెజియా అతని వైపు ఒకసారి చూసింది. తర్వాత తల దించుకుంది. ఆ చూపులో కోపం లేదు. అదే సీలాసుకు భరించడం కష్టమైంది.

అయ్యగారు తనను కోప్పడతాడనో, మాస్టారితో వాదిస్తాడనో అనుకున్నాడు. జక్కరయ్య రెండూ చెయ్యలేదు.

"సీలాసు చెప్పింది నిజమే. ఈ వచనాలు ఎవరు రాశారో మనకు తెలియదు" అన్నాడు. బైబిలు మూసి బల్ల చివరికి జరిపాడు. "సరే, ఇది పక్కన పెడదాం. ఇప్పుడు మనం రాయబోయేదానికి మాత్రం ఆ లోటు ఉండకూడదు."

జక్కరయ్య సీలాసు ముందున్న తీర్మానాల పుస్తకాన్ని తీసుకుని కొత్త పేజీ తెరిచాడు. కలం మూత తీసి దాని మీద పెట్టాడు.

"కెజియాను సంఘంలోంచి తీసేస్తున్నాను, ఇల్లు ఖాళీ చేయిస్తున్నాను. ఈ రెండు ముక్కలే. ఎవరికి వారు సొంత చేత్తో రాయండి. కింద మీ పేరు, మీ తండ్రి పేరు. ఆరుగురిలో నలుగురు రాస్తే తీర్మానం అయినట్టే. ఇష్టం లేనివాళ్లు రాయక్కర్లేదు."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇదేం పద్ధతి?" అన్నాడు ఒకాయన. "ఎప్పుడూ సంఘం తీర్మానించింది అని ఒక్క మాట రాసేవాళ్లం కదా?"

"అవును. ఎవరు రాశారో తెలియకుండా రాసేవాళ్లం" అన్నాడు జక్కరయ్య.

పుస్తకాన్ని ముందు ఆబేలు తాత దగ్గరికి పంపాడు. అందరిలో ఆయనే పెద్ద. ఎనభై పైన ఉంటాయి.

"నాకు రాత రాదు గదయ్యా."

"వేలిముద్ర వెయ్యండి తాతా. సీలాసు మీ పేరు రాస్తాడు."

ఆబేలు తాత తన బొటనవేలు వంక చూసుకున్నాడు. తిప్పి మళ్లీ చూసుకున్నాడు. "చెయ్యెత్తమంటే ఎత్తేవాణ్ణి" అన్నాడు నెమ్మదిగా. "అందరి చేతుల్లో అదీ ఒక చెయ్యి. ఇదేందో వేరేగా ఉండాది." పుస్తకాన్ని పక్కకు తోశాడు.

పక్కన యాకోబు. బ్యారన్‌లో మేస్త్రీ. ఆయన కలం తీసుకుని కెజియా అని రాశాడు. అక్కడ ఆగాడు.

"ఇంటిపేరు ఏది రాయాలి అయ్యగారూ? మొగుడిదా, వాళ్ల నాయనదా?"

గుడి వెనక బావిని ఇద్దరే తవ్వారు, యాకోబూ కెజియా తండ్రీ. ఆయన పోయి పదేళ్లయింది. యాకోబు కలం మూత పెట్టేశాడు.

మూడో ఆయన, మాస్టారు ముందు రాస్తే ఆ తర్వాత చూస్తానన్నాడు. మిగతా ఇద్దరూ నేల చూపులు చూశారు.

తీతు మాస్టారు లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. నల్లబల్ల మీద రాసే గుండ్రటి అక్షరాలతో నాలుగు వరుసలు రాశాడు. కింద, ఇసాకు కుమారుడు తీతు, అని పూర్తిగా పేరు పెట్టాడు. కలం బల్ల మీద పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"నేను దాక్కోలేదు అయ్యగారూ."

"లేదు మాస్టారూ" అన్నాడు జక్కరయ్య. ఆ మాట మర్యాదగానే అన్నాడు.

"మీరంతా నన్ను రాతిగుండె అనుకుంటున్నారు. అనుకోండి." మాస్టారు గొంతు పెరిగింది. "పన్నెండేళ్ల కింద ఇదే గుడి, ఇదే బల్ల. నా కూతురు ప్రిస్కిల్లా వేరే మతం పిల్లవాణ్ణి రిజిస్టరు పెళ్లి చేసుకుంది. అప్పుడు కూడా ఇదే నిబంధన. పేరు తీసేశారు. నేను మాట్లాడలేదు, చెయ్యి ఎత్తాను. నాలుగేళ్ల కింద దాని తల్లి పోతే, అది సమాధుల దొడ్డి గోడ అవతల రోడ్డు మీద నిలబడి చూసింది. లోపలికి రానివ్వలేదు. నేను గోడ ఇవతల నిలబడ్డాను. నా బిడ్డకు ఒక నిబంధన, ఈ పిల్లకు ఇంకొకటా? ఇప్పుడు కలం ఇచ్చి ఎవరికి వారు రాయమంటున్నారే, ఆ రోజు ఎందుకు అడగలేదు మమ్మల్ని?"

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

జక్కరయ్య రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు. తర్వాత తీర్మానాల పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. పుస్తకం లావుపాటిది. చాలాసేపు తిప్పాడు.

ఒకచోట ఆగాడు. సీలాసు పక్క నుంచి చూశాడు. ప్రిస్కిల్లాను సభ్యత్వం నుంచి తొలగించడమైనదని సంఘం తీర్మానించింది. ఒకే వాక్యం. కింద తేదీ తప్ప ఇంకేమీ లేదు. ఆ చేతిరాత ఎవరిదో సీలాసుకు తెలుసు. ఆ చేతిరాత చూసే అతను తన రాత దిద్దుకున్నాడు.

జక్కరయ్య కలం తీసుకున్నాడు. ఆ వాక్యం కింద రాశాడు. ఇది రాసింది నేను. దానయ్య కుమారుడు జక్కరయ్య. ఇవాళ్టి తేదీ వేశాడు. సిరా ఆరేదాకా ఆగి, పుస్తకాన్ని మాస్టారి వైపు తిప్పాడు.

"అప్పుడు నాకు ధైర్యం చాల్లేదు మాస్టారూ" అన్నాడు.

తీతు మాస్టారు వంగి చదివాడు. రెండుసార్లు చదివాడు. "ఇన్నాళ్లూ ఇది సంఘం చేసిందనుకున్నాను" అన్నాడు.

"సంఘం కాదు. నేను."

మాస్టారు చెయ్యి చాపి కలం అందుకున్నాడు. జక్కరయ్య పేరు కింద తన పేరు రాశాడు. ఈసారి అక్షరాలు గుండ్రంగా రాలేదు. వరుస కిందికి జారిపోయింది. తండ్రి పేరు దగ్గర ఆగి, దాని బదులు, ప్రిస్కిల్లా తండ్రి, అని రాశాడు.

పేజీలు ముందుకు తిప్పుకుని ఇందాక తను రాసిన నాలుగు వరుసల దగ్గరికి వచ్చాడు. ఒక్కొక్క వరుస మీద నెమ్మదిగా గీత కొట్టాడు. కలం మూత పెట్టి, ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్లిపోయాడు.

ఇంకెవరూ కలం అడగలేదు.

జక్కరయ్య కెజియాను చూశాడు. "ఇంటికి వెళ్లమ్మా. మీ అమ్మకు అన్నం పెట్టే వేళయింది."

ఆ సాయంత్రం సీలాసు నోటుబుక్కు తీసుకుని అయ్యగారి ఇంటికి వెళ్లాడు. జక్కరయ్య గుమ్మం ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. సీలాసు నోటుబుక్కును ఆయన పక్కన పెట్టాడు.

"దీన్ని తగలబెట్టేస్తాను అయ్యగారూ. ఇక ఈ మాటలు ఎత్తను."

జక్కరయ్య కళ్లజోడు తెప్పించుకున్నాడు. నోటుబుక్కు తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. వెలుతురు తగ్గుతుంటే మంచం కొద్దిగా జరుపుకున్నాడు. సీలాసు నిలబడే ఉన్నాడు. ఆయన ఒక్క పేజీ కూడా వదల్లేదు. మధ్యలో ఒకచోట జేబులోంచి కలం తీసి ఏదో దిద్దాడు. చివరిదాకా చదివి మూసి అతని చేతికిచ్చాడు.

"తగలబెట్టాలంటే ఇందులో అబద్ధం ఉండాలి. మార్కు సువార్త దగ్గర ఒక వచనం నంబరు తప్పు వేశావు. దిద్దాను."

"కానీ దీనివల్లే కదా ఇవాళ..."

"వచ్చే ఆదివారం ఆ అధ్యాయం నువ్వే చదువు. తెలిసింది చెప్పు. తెలియనిది తెలియదని చెప్పు."

"మళ్లీనా? అందరి ముందా?"

"మాస్టారికి కాఫీ తాగుతూ చెప్పావు. ఈసారి ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉండగా చెప్పు."

వారం రోజులు సీలాసు సరిగ్గా అన్నం తినలేదు. ఏ మాట ముందు చెప్పాలి, ఏది తర్వాత అని కాగితం మీద రాసుకుని చింపేశాడు.

ఆదివారం గుడి నిండింది. సంగతి ఊరంతా పాకింది మరి. తీతు మాస్టారు రాలేదు. ఆయన పొద్దున మొదటి బస్సుకు కావలి వెళ్లాడని, చేతిలో సంచి ఉందని బస్టాండులో చూసినవాళ్లు చెప్పారు. కూతురు ఉండేది అక్కడే. కెజియా ఆడవాళ్ల వైపు చాప మీద, చివరి వరుసలో, స్తంభం చాటున కూర్చుంది. ఆమెకు అటూ ఇటూ మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నారు.

జక్కరయ్య జనంలో, మొగవాళ్ల వైపు కింద కూర్చున్నాడు.

సీలాసు లేచి బైబిలు తెరిచాడు. తయారుచేసుకున్నదేదీ గుర్తుకు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"ఇప్పుడు చదవబోయే భాగం చాలా పాత ప్రతుల్లో లేదు. తర్వాతి ప్రతుల్లో కనిపిస్తుంది, అది కూడా అన్నిట్లో ఒకే చోట కాదు. యోహాను రాసింది కాదని చదువుకున్నవాళ్లు అంటారు. నేను చదివినంతలో నాకూ అట్లాగే అనిపించింది. ఎవరు రాశారో తెలియదు. అయినా దీన్ని ఎవరూ పారెయ్యలేకపోయారు. ఎత్తి రాసుకుంటూనే వచ్చారు."

గుళ్లో గుసగుసలు బయల్దేరాయి. ఒకాయన దగ్గాడు.

ముందు వరుసలో చిట్టెమ్మ అనే ముసలావిడ ఉంది. చెవి కొంచెం మందం. అర్థం కాకపోతే పాస్టరునైనా ప్రసంగం మధ్యలో ఆపేస్తుంది. ఆవిడ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ముందుకు వంగింది.

"ఏంది నాయనా నువ్వనేది? రాసినాయన పేరు తెలీదా?"

"తెలీదు అవ్వా."

"ఆయమ్మ పేరో? రాళ్లేస్తామని పట్టుకొచ్చారే, ఆయమ్మ పేరన్నా రాసుండారా?"

సీలాసు పుస్తకంలోకి చూశాడు. ఆ పన్నెండు వచనాల్లో ప్రతి మాటా అతనికి తెలుసు, గ్రీకులో ఏ అక్షరం ఏ ప్రతిలో మారిందో కూడా తెలుసు. అయినా వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా వెతికాడు.

"లేదు అవ్వా" అన్నాడు.

"ఊఁ" అంది చిట్టెమ్మ. వెనక్కి తిరిగి స్తంభం వైపు చూసింది. చాప మీద చేతులాన్చి మెల్లగా లేచి, వరుసలు దాటుకుంటూ వెళ్లి, కెజియా పక్కన ఖాళీలో కూలబడింది. అక్కడి నుంచే గట్టిగా కేకేసింది.

"చదువు నాయనా. మాకు వినపడేట్టు చదువు."

సీలాసు చదవడం మొదలుపెట్టాడు.